ఇనుము లేని ఇనుపరాయి, ఏ అడవిలోనూ లేని పిట్ట

కళింగాంధ్ర తీరచరిత్ర: 18వ భాగం

పోయిన భాగం భీమునిపట్నంలో ఆగింది. 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం డచ్చివారు మరుసటి ఏడాది ఆ ఊరిని ఇంగ్లీషువారికి అప్పజెప్పి తప్పుకున్నారు. సమాధులు మిగిలాయి, కొన్ని గోడలు మిగిలాయి. ఈసారి రాతి సంగతులు పక్కనపెట్టి పింగాణీ పళ్లేల సంగతి చూద్దాం. యుద్ధాలూ పట్టాభిషేకాలూ వదిలేసి ఇదేమిటని విసుక్కునే పాఠకులు కాస్త ఓపిక పట్టాలి. యుద్ధం కూడా దారిలో తగులుతుంది.

కొత్తవలస వాళ్లకు ఇనుపరాయి కొత్తేమీ కాదు. బస్తర్‌లోని బైలడిల్లా కొండల్లో తవ్విన ఖనిజం కొత్తవలస–కిరండూల్ (కేకే) లైను మీద, సొరంగాల్లోంచి, అరకు మీదుగా, అనంతగిరి కొండలు దిగి వచ్చి ఇక్కడే హౌరా–మద్రాసు పెద్ద లైనులో కలుస్తుంది. ఇక్కణ్ణించి విశాఖ రేవుకు పోతుంది. జపాను ఉక్కు మిల్లులు కొంటామంటే, ఆ మాట మీద 1960ల్లో వేసిన లైను అది. గూడ్సు దాటేదాకా గేటు దగ్గర ఆగినవాళ్లందరికీ ఆ ఎర్ర రాయితో ముఖపరిచయం ఉంది. అలాంటి ఊళ్లో ఎవరిముందైనా ఒక పాత ఇంగ్లీషు పళ్లెం పెట్టి, ఇది ఇనుపరాయితో చేసిందట అంటే, ముందు చేత్తో ఎత్తి చూస్తారు. బరువుగానే ఉంటుంది. అంచు మందం, అడుగు మందం. గోటితో కొడితే గంటలా మోగుతుంది. మధ్యలో పొడుగు తోక పిట్ట ఒకటి వంకర టింకర రాతి మీద నిలబడి ఉంటుంది. పక్కన పిడికెడంత పియోనీ పువ్వు. చుట్టూ ముదురు నీలం, ఇటుక ఎరుపు, అక్కడక్కడా బంగారు గీత. అడుగున తిప్పి చూస్తే ‘మేసన్స్ పేటెంట్ ఐరన్‌స్టోన్ చైనా’ అన్న ముద్ర. ఇన్ని ఉన్నా అందులో ఇనుము లేదు, ఆ పిట్ట ఏ అడవిలోనూ లేదు, ఆ ‘చైనా’ చైనా నుంచి రాలేదు.

ఈ మూడు అబద్ధాలూ ఒకేచోట ఎలా చేరాయో తెలియాలంటే 1791 నుంచి మొదలుపెట్టాలి.

ఆ రోజుల్లో ఇంగ్లండుకు చైనా పింగాణీ తెచ్చే హక్కు ఈస్టిండియా కంపెనీది. కాంటన్ రేవులో కంపెనీ కొనే అసలు సరుకు తేయాకు. తేయాకు తేలిక, తడి తగిలితే నాశనం. అందుకని ఓడ అడుగున బరువు కోసమూ, నీరు చేరినా చెడని సరుకు కాబట్టీ పింగాణీ పెట్టెలు పేర్చి, వాటి మీద తేయాకు పెట్టెలు పెట్టేవారు. 1784లో బ్రిటిష్ పార్లమెంటు తేయాకు మీద సుంకాన్ని 119 శాతం నుంచి పన్నెండున్నరకు దించింది. దాంతో ఇంగ్లండు అంతా టీ తాగడం మొదలుపెట్టింది. టీ తాగాలంటే కప్పులు కావాలి, సాసర్లు కావాలి. గిరాకీ పెరిగినచోట ముఠా పుడుతుంది. లండన్ పింగాణీ వర్తకులు కంపెనీ వేలాల్లో కూడబలుక్కుని, ఒకరి పాట మీద ఒకరు పెంచకుండా, సరుకు చవగ్గా కొట్టేసి బయట లాభానికి అమ్ముకోసాగారు. కంపెనీ విసిగిపోయి 1791లో పింగాణీని పెద్దమొత్తాన తెప్పించడమే మానేసింది. ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. సుంకం పెంచుకుంటూ పోయింది. 1799కి అది వంద శాతం దాటింది.

ఆ వర్తకుల్లో ఒకడు మైల్స్ మేసన్. యార్క్‌షైర్ కొండపల్లె డెంట్‌లో పుట్టి, లండన్ ఫెన్‌చర్చ్ వీధిలో గాజు, పింగాణీ సామాను అమ్మే వర్తకుడి కూతుర్ని పెళ్లాడి ఆ వ్యాపారంలో స్థిరపడ్డవాడు. అమ్ముకోవడానికి సరుకు రాకపోతే ఏం చేయాలి? తనే తయారు చేయాలి. స్టాఫర్డ్‌షైర్‌లో కుమ్మరిపని ఊళ్లకు చేరి అక్కడ కార్ఖానా పెట్టాడు. పగిలిన చైనా సెట్లకు జత పళ్లేలు చేసిచ్చే పని అతనికి బాగా కలిసొచ్చింది. ఇంట్లో ముప్పై ఆరు పళ్లేల సెట్టులో నాలుగు పోతే, ఆ నాలుగింటికి కాంటన్‌కు ఎవరు రాస్తారు? మేసన్‌కు చెబితే సరి. కంపెనీ తలుపు మూసిన ఆ 1791లోనే మైల్స్‌కు మూడో కొడుకు పుట్టాడు. పేరు చార్లెస్ జేమ్స్. ఈ కథకు వాడే నాయకుడు.

ఇక్కడ ఒక్క అడుగు పక్కకు వేస్తాను. కంపెనీ లండన్‌లో పింగాణీ వ్యాపారం మానిన మూడేళ్లకు, 1794లో, ఇదే కంపెనీ సైన్యం కొత్తవలసకు ఆట్టే దూరం లేని పద్మనాభం దగ్గర విజయనగరం చిన విజయరామరాజును పేష్కషు (కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీ తగాదాలో చంపింది. ఆ యుద్ధం గురించి మనకు తెలుసు, స్కూలు పుస్తకంలో ఉంది. పళ్లేల సంగతి ఆ పుస్తకంలో ఉండదు. కానీ రెండు నిర్ణయాలూ లండన్ లీడెన్‌హాల్ వీధిలోని ఒకే కంపెనీ కచేరీ లెక్కల పుస్తకాల్లోంచి వచ్చాయి. ఎక్కడ లాభం తగ్గితే అక్కడ తలుపు మూయడం, ఎక్కడ బాకీ ఉంటే అక్కడికి సైన్యాన్ని పంపడం. కంపెనీని ముందు రాజ్యంగా చూసే చరిత్రకారులతో నాకు పేచీ ఇక్కడే. అది చివరిదాకా అంగడే.

1813కు వద్దాం. చార్లెస్ జేమ్స్ మేసన్‌కు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఫెంటన్‌లోని లేన్ డెల్ఫ్ కార్ఖానా నుంచి ‘ఇంగ్లీషు పింగాణీ తయారీలో మెరుగుదల’ అంటూ పద్నాలుగేళ్లకు పేటెంటు తీసుకున్నాడు. అందులో రాసిన వంట ఇది: ఇనుపరాయి కరిగించగా మిగిలిన చిట్టేన్ని నీళ్లతో నూరి, చెకుముకి రాయి పొడి, కార్న్‌వాల్ రాయి, బంకమన్ను, కాస్త కోబాల్టు నీలం కలపాలి. ఇనుప చిట్టెం కలిస్తే పళ్లెం తెల్లగా రాదని ఆవం ముందు కూర్చున్న ఏ కుమ్మరికైనా తెలుసు. నిజానికి గట్టిగా కాలే రాతిజాతి మట్టిమిశ్రమం అప్పటికే స్టాఫర్డ్‌షైర్‌లో ఉంది. టర్నర్ అన్నదమ్ములు 1800లో అలాంటిదానికే పేటెంటు తీసుకున్నారు. స్పోడ్ కార్ఖానా కూడా అదే కాలంలో ‘స్టోన్ చైనా’ అమ్ముతోంది. మేసన్ చేసిన గొప్ప పని మట్టిలో లేదు, పేరులో ఉంది. ఇనుము అంటే పగలదు, రాయి అంటే అరగదు, చైనా అంటే ఖరీదైనది. మూడు మాటలూ కలిపి, పేటెంటు అనే మాట ముందు తగిలించి, అడుగున ముద్ర కొట్టాడు. మధ్యతరగతి ఇల్లాలు ఇంకేం అడుగుతుంది?

అదే 1813లో పార్లమెంటు కంపెనీ చార్టరును తిరగరాసింది. చైనా వ్యాపారం, తేయాకు తప్ప, హిందూదేశంతో వర్తకం ఇంగ్లీషు వర్తకులందరికీ తెరిచింది. అంతకు ముందు మన తీరానికి సరుకు రావాలంటే కంపెనీ ఓడలోనో, కంపెనీ కెప్టెన్లకూ నౌకరులకూ ఇచ్చిన సొంత సరుకు వాటాలోనో రావాలి. ఇప్పుడు లివర్‌పూల్ వర్తకుడు నేరుగా మద్రాసుకు పంపవచ్చు. చౌక రకం, గట్టి రకం, అచ్చు చైనాదిలా కనిపించే రకం పళ్లేలు పుట్టిన ఏడాదే ఆ పళ్లేలు వచ్చే దారి కూడా తెరుచుకుంది. ఎవరూ ముందుగా అనుకుని చేసింది కాదు. అయినా మన తీరానికి సంబంధించినంతవరకు రెండూ ఒకే సంఘటన.

ఇలా పరాయి సరుకును అనుకరించి అమ్ముకోవడం ఇంగ్లండుకు కొత్త కూడా కాదు. ఇక్కడే మన పాత్ర వస్తుంది. మేసన్ కన్నా వందేళ్లు ముందు ఇదే ఆట మచిలీపట్నం అద్దకం గుడ్డ మీద ఆడారు. పూలచెట్టు, కొమ్మల మీద పిట్టలు ఉన్న కోరమాండల్ దుప్పట్లు, పరదాలు లండన్‌ను ఊపేశాయి. అక్కడి నేతగాళ్లు గొడవ చేశారు. 1700లో ఒక చట్టం, 1721లో ఇంకాస్త గట్టి చట్టం వచ్చాయి. అద్దకం నూలుగుడ్డ కట్టడమే నేరమైంది. ఆ అడ్డు చాటున ఇంగ్లండు తన అచ్చు కార్ఖానాలను పెంచుకుంది. 1774లో, సొంత సరుకు సిద్ధమయ్యాక, నూలుగుడ్డ మీద ఆంక్ష తీసేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో మాంచెస్టర్ గుడ్డ కట్టిన మన తాతముత్తాతలకు తెలుసు. ముందు మోజుపడటం, తర్వాత అడ్డుకోవడం, చాటున నేర్చుకోవడం, చివరికి తిరిగి అమ్మడం. గుడ్డతో మనకు జరిగిందే పింగాణీతో చైనాకు జరిగింది. తమాషా ఏమిటంటే మచిలీపట్నం గుడ్డ మీది చెట్టూ పిట్టా కూడా అచ్చంగా మనవి కావు. సీమ నుంచి వచ్చిన నమూనాలు చూసి మనవాళ్లు వేసినవి. ఆ నమూనాల్లో పారశీకం ఉంది, చైనా ఉంది, ఇంగ్లీషు కుట్టుపని ఉంది. కాబట్టి ఐరన్‌స్టోన్ పళ్లెంలోని పిట్టకు పుట్టిల్లు వెతికేవాడు కాంటన్ దగ్గర ఆగకూడదు, పెడన, బందరు కూడా చూడాలి.

పిట్ట సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, సేకరించేవాళ్లకు అదే ప్రాణం. చైనాలో పిట్ట బొమ్మకు హోదా ఉంది. మింగ్, చింగ్ రాజ్యాల్లో సివిలు ఉద్యోగి అంగీ మీద కుట్టిన పిట్టను చూసి అతని స్థాయి చెప్పేవారు. మొదటి తరగతికి కొంగ, రెండోదానికి బంగారు ఫెజెంటు. ఫెజెంటంటే మన అడవికోడికి చుట్టమైన పొడుగు తోక పక్షి. ఫెంగ్‌హువాంగ్ అనే మాయపక్షి రాణికి గుర్తు. ఐరోపా కోసం కాంటన్‌లో బొమ్మలు వేసినవాళ్లు ఈ వరసలేవీ పట్టించుకోలేదు, కొనేవాడికి తెలియదు కాబట్టి. ఆ బొమ్మ చూసి వేసిన స్టాఫర్డ్‌షైర్ చెక్కడపువాడికి అసలే తెలియదు. అతనికి ఫెజెంటు తోకా, నెమలి మెడా, చిలక ముక్కూ అన్నీ ఒకటే. స్పోడ్ కార్ఖానా స్టోన్ చైనాలో నెమలి బొమ్మ ఒకటి ఉంది. రాతి మీద రెండు నెమళ్లు, పియోనీ పూలు. ఆ కార్ఖానా నమూనా పుస్తకంలో దాని సంఖ్య 2118. చైనా గులాబి రంగు పింగాణీని చూసి వేసినదది. నెమలి మన పక్షి. మన నెమలి చైనా మీదుగా ఇంగ్లండు వెళ్లి, ఏ దేశానికీ చెందని నెమలై మళ్లీ మద్రాసు రేవులో దిగింది.

ఇంగ్లీషు పళ్లేల మీది ‘విల్లో’ అనే నీలం బొమ్మలో పైన ఎగిరే రెండు పిట్టల కథ ఇంకా విచిత్రం. పెద్దింటి పిల్ల, గుమాస్తా ప్రేమించుకోవడం, తండ్రి తరమడం, చివరికి ఇద్దరూ పావురాలై ఎగిరిపోవడం చైనా పురాణమని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఆ కథ 1849లో ఒక ఇంగ్లీషు కుటుంబ పత్రికలో వచ్చింది. బొమ్మ అప్పటికే యాభై ఏళ్ల పాతది. సరుకు ముందు, కథ తర్వాత. ‘ఏషియాటిక్ ఫెజెంట్స్’ అని లేత నీలం బొమ్మ మరొకటి ఉంది. టన్‌స్టాల్‌లో పోడ్‌మోర్ వాకర్ కంపెనీ 1830ల్లో మొదలుపెట్టిందని చెబుతారు. విక్టోరియా కాలంలో అది విల్లోను కూడా మించి అమ్ముడుపోయింది. పదుల కొద్దీ కార్ఖానాలు దాన్ని కాపీ కొట్టాయి. అందులోని పక్షులు ఏషియాలో ఏ మూలా లేవు. బర్స్‌లెమ్‌లోని మిడిల్‌పోర్ట్ కార్ఖానాలో బర్లీ కంపెనీ ఆ బొమ్మను ఈనాటికీ పాత పద్ధతిలో అచ్చువేస్తోంది.

ఆ పాత పద్ధతి ఇలా ఉంటుంది. రాగి రేకు మీద బొమ్మ చెక్కుతారు. గీతల్లో రంగు నింపి పలచని కాగితం మీదకు అచ్చు తీస్తారు. తడి కాగితాన్ని కాల్చిన పళ్లెం మీద పరిచి రుద్దితే రంగు మట్టిలో దిగుతుంది. కాగితం కడిగేసి, గాజుపూతలో ముంచి, మళ్లీ ఆవంలో పెడతారు. మేసన్ రకాల్లో చాలావాటికి అచ్చుతో గీతలు మాత్రమే వేసి, లోపల రంగులు చేత్తో నింపేవారు. నింపినవాళ్లు ఆడవాళ్లూ పిల్లలూ. అందుకే ఆ పళ్లేల్లో రంగు గీత దాటి పోతుంది, ఒక పిట్టకు ఎర్ర రెక్క, పక్క పళ్లెంలో అదే పిట్టకు నారింజ రెక్క. సేకర్తలు దీన్ని చూసి మురిసిపోతారు. మురిసే ముందు 1841లో శామ్యూల్ స్క్రివెన్ ఈ కుమ్మరి ఊళ్లు తిరిగి ప్రభుత్వ కమిషన్ కోసం రాసిన నివేదిక చదవాలి. కుమ్మరి దగ్గర అచ్చు అందుకుని, ఆరబెట్టే వేడిగదిలోకి పరుగెత్తి, ఖాళీ అచ్చుతో మళ్లీ వెనక్కి పరుగెత్తడమే రోజంతా పనిగా ఉన్న చిన్నపిల్లల సంగతి అందులో ఉంది. సీసం కలిసిన గాజుపూతలో పళ్లేలు ముంచేవాళ్ల చేతులు చచ్చుబడిపోయేవి.

ఈ సరుకు ఇక్కడికి చేరిన దారి చూద్దాం. కార్ఖానాల గుమ్మంలోంచి వెళ్లే ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ 1777లో పూర్తయింది. గతుకుల బండిబాటలో పగిలే సరుకు పడవలో పదిలంగా మెర్సీ నదికి, అక్కణ్ణించి లివర్‌పూల్‌కు చేరేది. గడ్డిలో చుట్టి కర్రబుట్టల్లో, పీపాల్లో సర్దేవారు. మద్రాసులో దిగి, తీరం వెంట తిరిగే చిన్న ఓడల్లో విశాఖకు, భీమిలికి వచ్చేది. 1933లో విశాఖ రేవు తెరిచేదాకా ఈ తీరంలో ఓడ గట్టున ఆగే చోటు లేదు. దూరంగా లంగరు వేస్తే, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు కెరటాలు దాటి వెళ్లి సరుకు దించుకొచ్చేవి. కెరటం విసిరితే పడవ వంగుతుందే గాని విరగదు. లోపలున్న పింగాణీకి ఆ అదృష్టం లేదు. గట్టి సామానుకు ఈ తీరంలో విలువ ఎందుకో ఆ పడవ ఎక్కినవాడికి అర్థమయ్యేది.

కొన్నవాళ్లు మొదట వాల్తేరు బంగళాల దొరలు, విజయనగరం కంటోన్మెంటు అధికారులు. సైనిక మెస్సులకు దళం ముద్ర వేసిన ఐరన్‌స్టోన్ సామానును తర్వాతి కాలంలో మేసన్ అచ్చులు దక్కిన ఆష్‌వర్త్ కార్ఖానా ప్రత్యేకంగా చేసిచ్చేది. దొర బదిలీ అయినా, జ్వరంతో పోయినా, అతని సామాను వేలం వేయడం కంపెనీ రోజుల నుంచీ ఆనవాయితీ. వేలంలో పాడినవాళ్లు తోటి అధికారులు, వర్తకులు, దుబాసీలు. పళ్లేలు దొరల ఇళ్లలోంచి మనవాళ్ల ఇళ్లలోకి దాటింది ముఖ్యంగా ఆ వేలాల్లోనే. దాటినా వంటింట్లోకి రాలేదు. పింగాణీ అంటే ఊరగాయ జాడీ వరకే మన ఇళ్లలో మర్యాద. తినడానికి అరిటాకో విస్తరాకో, కలిగినవాళ్లకు వెండి కంచమో ఉండేవి. సంస్థానాల్లో కలెక్టరుకు విందు చేస్తే దానికి వేరే వంటవాళ్లు, వేరే గది, వేరే బీరువా. అందువల్ల ఒక మేలు జరిగింది. రోజూ వాడని పళ్లేలు పగలవు.

రెండో దారి రంగానిది, అంటే రంగూన్‌ది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వేలమంది కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి రంగూన్ వెళ్లి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. ఆ వైపు బజార్ల కోసమే గ్లాస్గోలో జె. అండ్ ఎం. పి. బెల్ కంపెనీ మలయా పేర్లు పెట్టి పిట్టలు, పూలు, సీతాకోకచిలుకల పళ్లేలు అచ్చువేసింది. హాలెండులో మాస్ట్రిక్ట్ ఊరి పేత్రుస్ రెహో కంపెనీ స్ఫింక్స్ ముద్రతో అలాంటివే పంపింది. కొత్తవలస చుట్టుపక్కల పల్లెలో ఏ అటక మీదనైనా పళ్లెం అడుగున గ్లాస్గో, మాస్ట్రిక్ట్ పేర్లు కనిపిస్తే, జమీందారీ దారిని వెతకడం మాని ఆ ఇంట్లో రంగం వెళ్లినవాళ్లెవరో అడగాలి. జపాను సైన్యం బర్మాలో దిగాక 1942లో అడవుల వెంట నడిచొచ్చినవాళ్ల చేతుల్లో పళ్లేలుండవు. ఉన్నవి అంతకు ముందు వచ్చినవే.

మేసన్ కథ ముగింపు మామూలు వ్యాపారి కథే. పేటెంటు గడువు తీరాక అందరూ ఐరన్‌స్టోన్ చేయసాగారు, 1848లో చార్లెస్ జేమ్స్ దివాలా తీశాడు. అచ్చులు, రాగి రేకులు ఫ్రాన్సిస్ మోర్లీ కొన్నాడు. 1862లో అవి ఆష్‌వర్త్‌ల చేతికి వెళ్లాయి. ఆ కంపెనీయే 1968లో తన పేరు తీసేసి మేసన్ పేరు తిరిగి పెట్టుకుంది. అయిదేళ్లకు వెడ్జ్‌వుడ్ దాన్ని కొనేసింది. టన్‌స్టాల్‌లోని విలియం ఆడమ్స్ కార్ఖానా కూడా 1966లో వెడ్జ్‌వుడ్‌లోనే కలిసింది. ఆడమ్స్ వాళ్ల ‘సింగపూర్ బర్డ్’ను ఇప్పటి సేకర్తలు ఎగబడి కొంటున్నారు. లేత ఆకుపచ్చ ఛాయ పూత మీద పూలకొమ్మ, దాని మీద పిట్ట. సింగపూర్ వెళ్లి ఆ పిట్టను వెతికి ప్రయోజనం లేదు.

సేకరణ అంటే తెలుగువాళ్లకు వెంటనే గుర్తొచ్చేది మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889లో పుట్టి 1949లో పోయేదాకా ఆయన కొంటూనే ఉన్నాడు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ తెరిచిన ఆ మ్యూజియం 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. సేవ్ర్, డ్రెస్డెన్, వెడ్జ్‌వుడ్, వూస్టర్ అన్నీ అక్కడ చూడొచ్చు. విషం తగిలితే పగులుతుందని నవాబులు నమ్మిన చైనా సెలడాన్ పళ్లేలు కూడా ఉన్నాయి. అది రాజుల అభిరుచి. పోయినవారం రాసిన డచ్చి బంగళాయే ఇప్పుడు విశాఖ మ్యూజియం. 1991లో తెరిచారు. అక్కడ కత్తులు, నాణేలు, పట్టుబట్టల మధ్య ఈ ప్రాంతపు పింగాణీ సామాను కూడా పెట్టారు. జనం మాత్రం జపానువాళ్లు వేసిన బాంబు దగ్గర ఆగి, పళ్లేల ముందు నుంచి నడిచిపోతారు. హైదరాబాదు గదులకన్నా ఈ చిన్న బీరువాలే మన తీరానికి దగ్గర చరిత్ర అని నా అభిప్రాయం. సేవ్ర్ పళ్లెం ఒక నవాబు గురించి చెబుతుంది. ఐరన్‌స్టోన్ పళ్లెం లెఫ్టినెంటు గురించి, దుబాసీ గురించి, మసూలా పడవ సరంగు గురించి చెబుతుంది.

సేకరించాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ముద్రలో ‘ఇంగ్లండ్’ అని ఉంటే అది 1891 తర్వాతది. అమెరికా ఆ ఏడాది నుంచి దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలంది. ‘మేడిన్ ఇంగ్లండ్’ అని ఉంటే మామూలుగా 20వ శతాబ్దం. వజ్రం ఆకారపు రిజిస్ట్రీ ముద్ర ఉంటే 1842, 1883 మధ్య నమోదైన నమూనా. మేసన్ తొలి సరుకు మీద పేరు మట్టిలోనే వరసగా నొక్కి ఉంటుంది. కిరీటం, కింద మడతల పట్టీ ఉన్న అచ్చు ముద్ర తర్వాతది. అదే ముద్రను ఆష్‌వర్త్‌లూ వాడారు కాబట్టి కిరీటం చూసి తొందరపడి డబ్బు తీయకండి. అంచు దగ్గర బొమ్మ వరస ఎక్కడో ఒకచోట సరిగా అతకదు. కాగితం అచ్చు అయితే అతుకు తప్పదు, అది లోపం కాదు, అసలుదనానికి ఆనవాలు. గోటితో కొట్టి వినాలి. మొద్దుగా పలికితే కంటికి కనపడని బీట ఉంది. కొత్త రంగు పూసి అతికినచోట వేలికి నునుపు తేడాగా, కొంచెం వెచ్చగా తగులుతుంది.

ఒక్క పని మాత్రం చేయవద్దు. ఆ పళ్లెంలో పులుసు పోయవద్దు, ఆవకాయ వేయవద్దు. పాత గాజుపూతలో సీసం ఉంది, పులుపు దాన్ని లాగుతుంది. గాజుపూత పైన వేసిన ఎరుపు, బంగారు రంగులు కూడా చింతపండుకు నిలవవు. కడగాలంటే గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. పీచూ బూడిదా దాని జోలికి రాకూడదు.

చట్టం సంగతి కూడా తెలిసుండాలి. 1972 పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు. అమ్మే వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి, దేశం దాటించడం కుదరదు. అమెరికాలో ఉన్న మనవరాలికి అమ్మమ్మ పళ్లెం సూట్‌కేసులో సర్దే ముందు ఈ మాట గుర్తుంచుకోండి. ఇంట్లో ఉంచుకునేవాళ్లు ఒక చీటీ రాసి ఆ పళ్లెంతో పాటే పెట్టండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, వేలంలోనా రంగంలోనా, ఏ విందుకు దించారు. స్టాఫర్డ్‌షైర్‌లో జరిగింది అడుగున ముద్రలో ఉంది. భీమిలి నుంచి అటక దాకా జరిగింది ఆ ఇంటి పెద్దవాళ్లకు మాత్రమే తెలుసు.

వచ్చే భాగంలో ఆ రంగం స్టీమర్లే ఎక్కుదాం: 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ జరిగిన కొట్లాట దగ్గర మొదలుపెట్టి.